రెండక్షరాల పేరు

పసిపిల్లవాడి నామకరణం మీద సంపాదకీయమా అని కొందరు పాఠకులు నవ్వవచ్చును. నవ్వినా మంచిదే. ఏటా జూన్ నెలలో ఒకటవ తరగతి హాజరుపట్టీ తెరిచి, కొత్తగా చేరిన పిల్లల పేర్లు చదివే ఉపాధ్యాయ మిత్రులు మాత్రం నవ్వరని నా నమ్మకం. ఆ పట్టీలో నోరు తడబడే చోట్లు ఏటేటా పెరుగుతున్నవని నాతో చెప్పినది వారే.

కిందటి వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు తన తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. శ్రీకాకుళం జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. పెండ్లయిన ఆరేండ్లకు కొడుకు పుట్టినాడు. బాలింత పుట్టింట ఉన్నది. 21వ నాడు బారసాల. ఇంకా వారం గడువున్నది. “మాస్టారూ, పేరు మీరే చెప్పాలి” అని మొదలుపెట్టి షరతులు ఒక్కొక్కటిగా బయటపెట్టినాడు. పేరు రెండక్షరాలకు మించరాదు. ఇంకెవరికీ లేనిదై ఉండాలి. పిల్లవాడిది ఆరుద్ర మూడవ పాదం గనుక అంటూ కొంచెం ఆగి, సిగ్గుపడి, “ఙ తో మొదలు కావాలట మాస్టారూ” అన్నాడు.

ముప్పై ఏండ్లుగా తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఆ అక్షరం మీద నాకు గౌరవమే కాని, దానితో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటీ స్ఫురించలేదు. ఉంటే కద స్ఫురించడానికి! అవకహడ చక్రంలో ఆరుద్ర నాలుగు పాదాలకు కూ, ఘ, ఙ, ఛ అని ఉన్నవి. హస్తా నక్షత్రంలో పుట్టినవాడి పాట్లూ ఇటువంటివే. అక్కడ ణ, ఠ లు కాచుకొని ఉంటవి. పూర్వులు ఈ చిక్కును తేలికగానే దాటినారు. నక్షత్రాన్ని బట్టి వచ్చే జన్మనామం వేరు, లోకం పిలిచే వ్యవహారనామం వేరు అన్నారు. మొదటిది సంకల్పానికి, రెండవది సంతకానికి. ఈ మాట చెప్పేసరికి అతనికి సగం బరువు దిగినది.

మిగిలిన సగం అతని ఫోనులో ఉన్నది. నలభై పేర్ల పట్టిక. అన్నీ చిన్నవే, అన్నీ చెవికి ఇంపుగా తోచేవే. చదువుతూ పోతే ఒకదానికొకటి అన్నదమ్ముల వలె ఉన్నవి. “అద్వితీయుడు” అనే అర్థంలో “అద్విక్” అని ఒకటి. నేను వాడే నిఘంటువులు వేటిలోనూ ఆ శబ్దం నాకు కనబడలేదు. “అంశ” అనే చక్కని మాట ఇంగ్లీషు అక్షరాలలో ప్రయాణం చేసి, శకారాన్ని దారిలో పోగొట్టుకొని, “అన్ష్” అయి అయిదారు పేర్ల తోకకు వేలాడుతున్నది. “ఆర్యన్” చివర ఉన్న నకారం ఇంగ్లీషు వ్యాకరణం తగిలించినది. మన “ఆర్య” దానిని ఎరుగదు. ఇక కొన్నింటికి అర్థం ఎదురుగా రాసి ఉన్నది గాని, ఆ అర్థం ఆ పేరులోకి ఏ దారిన వచ్చినదో చెప్పగలవారు లేరు.

నాకు అభ్యంతరం కొత్తదనం మీద కాదు. మా తరంలో ప్రసాద్, కుమార్, కిరణ్ అని పొల్లుతో ముగిసే పేర్లు కొల్లలు. మా తాతల కాలపు పండితులు వాటిని విని ముఖం చిట్లించే ఉంటారు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే నాలుకకు నిలకడ ఉండదు. అందుకే పల్లెలో ముసలమ్మ “ప్రసాదు” అంటుంది, “కిరణు” అంటుంది. భాష తన సర్దుబాటు తాను చేసుకొనగలదు. నా బెంగ వేరొకటి. తరగతిలో పిల్లవాణ్ణి నిలబెట్టి “నీ పేరుకు అర్థమేమిటి నాయనా?” అని అడగడం తెలుగు ఉపాధ్యాయుల పాత అలవాటు. ఆ ప్రశ్నకు పూర్వం పిల్లలు సిగ్గుపడుతూనో గర్వపడుతూనో ఏదో ఒకటి చెప్పేవారు. మా తాత పేరు అనో, ఫలానా కొండ దేవుడి పేరు అనో అనేవారు. ఇప్పుడు “తెలియదు సార్, అమ్మ ఫోనులో చూసి పెట్టింది” అంటున్నారు. ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు ఆ ప్రశ్న అడగకుండా ఉండవలసినది అనిపిస్తుంది.

నా విద్యార్థి కోరిన రెండక్షరాల నియమం నేటి మోజు అనుకొనేవారు పతంజలిని చూడాలి. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దం వాడని పండితులు చెప్పే ఆ మహాభాష్యకారుడు, వ్యాకరణం ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు మొదటి ఆహ్నికంలో అనేక ప్రయోజనాలు చెప్పినాడు. వాటిలో కొడుక్కి పేరు పెట్టడం ఒకటి. యాజ్ఞికుల మాటగా ఆయన ఎత్తిచూపిన లక్షణాలు ఇవి. పేరు మొదట గ, జ, ద, బ వంటి ఘోషాక్షరం ఉండాలి. నడుమ య, ర, ల, వ లలో ఒకటి రావాలి. మొదటి అచ్చుకు వృద్ధి పనికిరాదు. శత్రువుల ఇంట ఉన్న పేరు కారాదు. రెండక్షరాలో, నాలుగక్షరాలో ఉండాలి. ధాతువు నుండి పుట్టిన కృదంతం కావాలి, మరొక పేరు నుండి పుట్టిన తద్ధితాంతం కారాదు. వ్యాకరణం రాని తండ్రికి ఏది కృత్తో ఏది తద్ధితమో తెలియదు; కాబట్టి చదవవలె. బిడ్డకు పేరు పెట్టడానికి తండ్రి వ్యాకరణం చదవాలట! నేటి తల్లిదండ్రులకు ఈ మాట చెబితే మన ఇండ్ల వైపు రావడం మానుకుంటారు.

ఈ లెక్కన “దేవ” మంచి పేరు: మొదట దకారం, నడుమ వకారం, దివ్ ధాతువు నుండి పుట్టినది, రెండక్షరాలు. “రాఘవ” రఘువు నుండి వచ్చిన తద్ధితం, పైగా వృద్ధి, సూత్రం ఒప్పదు. అయినా తెలుగువారు రాఘవుణ్ణి విడిచినారా? సూత్రం కంటె భక్తి బలమైనది.

రెండక్షరాలన్న మాట పతంజలి నోట రావడం విని నా విద్యార్థి పొంగిపోయినాడు. అయితే ఆ లక్షణాలలో ఒకదానిని నేను కావాలనే చివరికి దాచినాను. పేరులో తండ్రి, తాత, ముత్తాతలనే మూడు తరాలతో అనుబంధం ఉండాలి. అది చెప్పగానే అతడు తండ్రి వైపు చూసి తల దించుకొన్నాడు. పెద్దాయన పేరు తవిటయ్య.

ఈ పేరు కథ ఉత్తరాంధ్ర ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు; ఇతర ప్రాంతాల విద్యార్థుల కోసం చెబుతున్నాను. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోతుంటే, ఆ తరువాత పుట్టినవాణ్ణి పొరుగింటివారి చేతికి ఇచ్చి, కాస్త తవుడు పుచ్చుకొని, అమ్మినట్లు చేసేవారు. తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. ఆ బిడ్డడు తవిటయ్య, ఆడపిల్ల అయితే తవిటమ్మ. ఈ పద్ధతే మరికొన్ని చోట్ల పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనడం, పుల్లి విస్తరిలో దొర్లించి పుల్లయ్య అనడం. చదువుకున్నవారు ఈ పేర్లు విని నవ్వుతారు. ముగ్గురు బిడ్డలను పూడ్చిపెట్టిన తల్లి నాలుగవవాడికి పెట్టిన పేరు అది. మన భాషలో అంత ప్రేమతో పెట్టిన పేర్లు వేరే ఉన్నవని నేను అనుకోను.

నా విద్యార్థి సిగ్గుకు కారణం కూడ ఉన్నది. అతనికి ఇంట్లో పెట్టిన పేరు తన నాయనమ్మ నోట తిరిగే గ్రామదేవత పేరు. బడిలో చేర్చిన నాడు అక్కడి పంతులు గారు “ఇదేం మోటు పేరు” అని, తనకు తోచిన నాలుగు అక్షరాల సంస్కృతపు పేరు రాసివేసినారు. జన్మతేదీ కూడ ఆయనే వేసినారు. ఒకనాటి పల్లెబడులలో ఇది మామూలు. పంతులు గారు మంచి ఉద్దేశంతోనే చేసినారేమో. అయినా మరునాటి నుండి ఆ పిల్లవాడికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు. మొదటిది తక్కువది, రెండవది ఎక్కువది అని ఆరేండ్ల వయసులోనే తెలిసినది. మన వృత్తిలోనివారు కలం అంచుతో చేసిన ఇటువంటి పనులు ఎన్ని ఉన్నవో లెక్క తీసినవారు లేరు.

చిన్న పేరుకు తెలుగు దేశంలో చిత్రమైన చరిత్ర ఉన్నది. ఒకప్పుడు అది గౌరవమే. శాతవాహనులలో హాలుడు ఉన్నాడు. కాకతీయులలో బేతరాజు, ప్రోలరాజు ఉన్నారు. కొండవీటిని ఏలిన రెడ్లలో వేముడు ఉన్నాడు. కవుల సంగతి చెప్పనే అక్కరలేదు. తిక్కన, ఆయనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన, ఆయన శిష్యుడైన మారన. వీరి పేర్లు వరుసగా పలికితే గంటలు మోగినట్లుంటుంది. పోతన తండ్రి కేసన, అన్న తిప్పన. పెద్దన తండ్రి చొక్కన. కేశవుణ్ణి కేసన అని, సింహాన్ని సింగన అని, సూర్యుణ్ణి సూరన అని తెలుగు నోరు తన కొలతకు తగ్గించుకొన్నది. చివర “అన్న” చేర్చి మన్నన చూపినది. ఎర్రగా ఉన్నవాడు ఎర్రన, ఇంటికి పెద్దవాడు పెద్దన. నిఘంటువు వెతకకుండా పెట్టిన పేర్లివి. ఎనిమిది వందల ఏండ్లు గడిచినా మరొక తిక్కన పేరు మనకు స్ఫురించదు. ప్రత్యేకత అంటే ఇంతకంటె ఏమి కావాలి?

తరువాతి కాలంలో ఆ పొట్టి పేర్లే పేదవాడి పాలిట శిక్ష అయినవి. “అన్న”, “అయ్య” ఊడిపోయినవి. భూమి గలవాడు ఎల్లయ్య గారు. అతని పొలంలో దున్నేవాడు అదే దేవత పేరు పెట్టుకొన్నా ఎల్లిగాడు. తెలంగాణ దొరల గడీలలో ఎల్లిగ, మల్లిగ అని పిలిచినారు. తండ్రి వయసువాణ్ణి పసివాడు కూడ అట్లాగే పిలిచినాడు. దానితో, చదువు అందిన మొదటి తరం తన బిడ్డలకు పొడుగు పేర్లు పెట్టుకొన్నది. వెనుక “రావు” అనీ “మూర్తి” అనీ చేర్చుకొన్నది. వాటిని చూసి వెక్కిరించడం నాకు చేతకాదు. “గాడు” తగిలించడానికి వీలులేని పేరు ఆ తండ్రులకు కావలసి వచ్చినది. నేడు మళ్ళీ చిన్న పేర్ల వైపు మొగ్గుతున్నామంటే, ఆ భయం కొంత తీరినదని అనుకొంటే మేలే. కొంత అంటున్నాను, పూర్తిగా అనడం లేదు.

పొడుగు పేర్లను నోళ్ళు ఎట్లాగూ నిలవనివ్వవు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయినాడు. చాగంటి సోమయాజులు చాసో అయినాడు. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అన్నీ పక్కనపెట్టి ఆరుద్ర అనే నక్షత్రం పేరు పెట్టుకొన్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు నా విద్యార్థి కండ్లు మెరిసినవి గాని, అది మూడక్షరాలు అని మళ్ళీ లెక్క పెట్టుకొన్నాడు. ఆరుద్ర కార్తె, ఆరుద్ర పురుగు అంటూ తొలకరి మట్టి వాసన ఉన్న మాట అది. లెక్కలో ఒక అక్షరం ఎక్కువై పోయినది, పాపం! అమెరికా వెళ్ళిన మనవాళ్ళ ఇబ్బంది మరొక రకం. “వెంకట” అని ఇలవేలుపు కోసం ముందు చేర్చిన మాట పాస్‌పోర్టులో మొదట ఉండడం వలన, అసలు పేరు వెనుకపడి, ఎందరో అక్కడి కచేరీలలో వెంకటలుగా చలామణి అవుతున్నారు. వారు తమ బిడ్డలకు పొట్టి పేర్లు వెతకడంలో ఆశ్చర్యం లేదు.

ఇక “ఇంకెవరికీ లేని పేరు” అన్న షరతు. దీనితోనే నాకు పేచీ. కొమురయ్య అనగానే కొమురవెల్లి మల్లన్న గుర్తుకు వస్తాడు. 1946లో కడవెండిలో దొర మనుషుల తుపాకులకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గుర్తుకు వస్తాడు. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం జాతర. యాదగిరి అంటే గుట్ట. కోటయ్య అంటే కోటప్పకొండ తిరుణాళ్ళ ప్రభలు. అప్పన్న అంటే సింహాచలం. గుంటూరు, నెల్లూరు సీమలలో హిందువుల ఇండ్లలో కూడ మస్తానయ్యలు ఉన్నారు. దర్గాకు మొక్కుకొన్న తల్లులు పెట్టిన పేర్లవి. ఒక్కొక్క పేరు వందలమందికి ఉన్నది. అయినా ఆ పేరు వినగానే మనిషి ఎక్కడివాడో, అతని తల్లి ఏ మెట్ల మీద కొబ్బరికాయ కొట్టినదో చెప్పవచ్చును. మరి నలభై పేర్ల పట్టిక? కోల్‌కతా బిడ్డడికైనా కొచ్చిన్ బిడ్డడికైనా అదే పట్టిక. ఎవరికీ లేని పేరు కావాలని అందరూ ఒకే చోట వెతుకుతున్నారు. “మీ బడిలో ఈ పట్టికలోని పేర్లు ఎందరికి ఉన్నవో చూడు” అన్నాను. హాజరు కూడ ఇప్పుడు ఫోనులోనే గద. అతడు లెక్క పెట్టి, కొంచెంసేపు మాటలాడక, “ఏడుగురికి మాస్టారూ” అన్నాడు.

సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు వర్ణక్రమంలో అక్షరాలు పెంచే పిచ్చిని గూర్చి ఎక్కువ రాయను. తెలుగులో రెండక్షరాలుగా ఉన్న పేరు ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలై, పిల్లవాడు పదవ తరగతికి వచ్చేసరికి మూడు కాగితాల మీద మూడు విధాలుగా ఉంటున్నది. ఉపాధ్యాయులు ఒక సంగతి తల్లిదండ్రులకు తప్పక చెప్పాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజులలో తెలపాలి గాని, పేరు ఆ గడువులోగానే రాయాలన్న నిర్బంధం లేదు. తరువాత చేర్పించవచ్చును, ఏడాది లోపల అయితే రుసుము కూడ లేదు. 2023 సవరణ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి తొందరపడి రాయించి, ఆనక దిద్దించడానికి కచేరీల చుట్టూ తిరిగేకంటె నాలుగు నెలలు ఆలోచించడం మేలు. పూర్వపు పంతులు గారి వలె ఇప్పుడు మనం బడిలో పేరు మార్చలేము. ఆ అధికారం పోవడం ఒక విధంగా మంచిదే అయినది.

నా వద్ద ఒక పాత పరీక్ష ఉన్నది. పేరు పెట్టే ముందు దానిని గట్టిగా పిలిచి చూడాలి. పొలం ఈ గట్టు నుండి ఆ గట్టుకు, వీధి ఈ చివర నుండి ఆ చివరకు. తెలుగు సంబోధనలో చివరి అచ్చు దీర్ఘమై గాలిలో సాగుతుంది. అమ్మ పిలుపు అందులో ఉన్నది. పొల్లు దగ్గర అది ఠక్కున ఆగిపోతుంది. “మీ నలభై పేర్లలో ఏది పిలిచినా పరవాలేదా, పిలిచి చూడు” అన్నాను. మా వరండాలో నిలబడి ఆ యువకుడు రెండు మూడు పేర్లు పిలిచినాడు. ఎదురింటివారు తలుపు తెరిచి చూసినారు. నవ్వుకొన్నాము.

అంతవరకు పెద్దాయన ఒక్క మాటా అనలేదు. మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టి, “నా పేరు ఆడికొద్దు బాబూ” అన్నాడు నాతో. “సావుకి బెదిరి ఎట్టిన పేరది. ఆడికిప్పుడా బెదురేటి?”

కొడుకు ముఖం చూడలేకపోయినాను. కొంతసేపటికి నేనే అడిగినాను, “మరి మీరు పసివాణ్ణి ఏమని పిలుస్తున్నారండీ?” అని.

“సూరీ అంటన్నాను. అరసవిల్లి సూరీడుకి మొక్కుకున్నాం గదా.”

అరసవల్లి సూర్యనారాయణుడి గుడి వారి ఊరికి ఎంతో దూరం లేదు. మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే ఆ గుడి ఉన్నందువలననే ఆ జిల్లాలో ఇంటికొక సూర్యనారాయణ, సూర్రావు, సూరన్న ఉంటారు. ఆరేండ్లు బిడ్డ కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆ పేరు అప్పటికే తిరుగుతున్నది. పట్టికలో మాత్రం లేదు.

సూరి! నాకు కూడ తట్టనందుకు సిగ్గుపడినాను. సంస్కృతంలో సూరి అంటే పండితుడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన కోలాచల మల్లినాథుడు సూరి. 1858లో బాలవ్యాకరణం ప్రకటించి, నా వంటివారికి జీవనాధారం కల్పించిన చిన్నయ సూరి. రెండక్షరాలు, చివర అచ్చు, నడుమ రేఫం. మొదట ఉన్నది సకారం. ఘోషాక్షరం కాదు గనుక యాజ్ఞికులు ఒప్పుకోరు. ఙకారం కూడ కాదు. తాత నోట పుట్టినది గనుక మూడు తరాల నియమం కొంత నెరవేరినట్లే. నా విద్యార్థి మళ్ళీ ఫోను తీసి తన బడి పట్టీ అంతా వెతికినాడు. సూరి అనే పేరు ఒక్కరికీ లేదు.

బారసాలకు నేను వెళ్ళలేకపోయినాను. పళ్ళెంలో పరచిన బియ్యం మీద ఉంగరంతో రాసిన రెండక్షరాల ఫొటో పంపినాడు. కింద ఒక వాక్యం రాసినాడు: “మీసేవ కేంద్రంలో పేరు ఇంతేనా, ఇంకేమీ లేదా అని రెండుసార్లు అడిగారు మాస్టారూ. మా నాన్న ఇంతే అన్నాడు.”